ఓవెన్ అడుగు ఎవరిది?

ఆ ఇంట్లో ఓవెన్‌కి కూడా పంపకాలు జరిగాయి. పై అర చిన్న కోడలిది, కింది అర పెద్ద కోడలిది. ఎవరి అర వాళ్లే తోముకోవాలి. తలుపు అద్దం సైతం చెరిసగం. అడుగు మాట మాత్రం పంపకాల రోజున ఎవరికీ తట్టలేదు. అప్పటినుంచీ కారిన పంచదార పాకమూ, చిందిన మాంసం కొవ్వూ అక్కడే కలిసి మాడి, నల్లగా పెచ్చు కట్టాయి.

ఈ మధ్యాహ్నం వంటగది తనిఖీకి, తిండి అమ్ముకునే లైసెన్సులిచ్చే ఆఫీసరమ్మ వస్తోంది. ఆవిడ సరేనంటే వీధి చివరి కాఫీ షాపువాళ్లు చిన్న కోడలి కేకులు రోజూ తీసుకుంటారు. ఇవాళ తేలకపోతే రేపు ఇంకొకరిని చూసుకుంటారు. కేకులు అమ్ముడైతే వేరు కాపురం పెట్టేయొచ్చు. ఈ వేరు కాపురం సంగతి మొగుడికీ తనకీ తప్ప మూడో మనిషికి తెలీదు. తోడికోడలి చెవిన పడితే పుల్ల పెట్టకుండా ఊరుకుంటుందా?

చిన్న కోడలు పొద్దున్నే వంటసోడా ముద్దలా కలిపి తన సగానికి పట్టించింది. నానాక గీకి, వెనిగర్ చల్లి, బుసబుసా పొంగుతుంటే తడిగుడ్డతో తుడిచింది. మోచేతుల దాకా మసే.

"అక్కా, ఆ అడుగు కాస్త గీకేయకూడదూ? అదంతా మీ కొవ్వే."

"కొవ్వు ఎవరికి పట్టిందో అందరికీ తెలుసులే," అంది పెద్ద కోడలు. "నీ పాకం కారబట్టే అది రాయి కట్టింది. నా అర తళతళా తోముకున్నాను, కళ్లుంటే చూడు."

చిన్న కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. గీకుడు రేకు అడుగుదాకా పోనిచ్చి, ఆగిపోయింది. ఇవాళ గీకితే ఇక జన్మంతా ఆ చాకిరీ తన నెత్తినే పడుతుంది. చచ్చినా గీకను అనుకుంది. అల్యూమినియం కాగితం చింపి, ఆ మసి మీద పరిచేసింది. అబ్బ, ఎంత శుభ్రంగా కనిపించిందో!

ఆఫీసరమ్మ వచ్చింది. సింకు చూసింది, గిన్నెలు చూసింది, తల ఊపింది. ఆఖర్న ఓవెన్ వేడెక్కించమంది. కాసేపటికే గుప్పున కంపు, సన్నగా పొగ. ఓవెన్ ఆపించి, పటకారుతో కాగితం ఎత్తింది.

"ఇదేంటమ్మా?"

"నాది కాదండీ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆవిడ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "అరగంట పని. దానికి ముసుగేశారా? ఇందులో వండింది ఊరికి అమ్మనివ్వలేను," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"కడుపు నిండిందా మీకు?" చిన్న కోడలు గీకుడు రేకు విసిరికొట్టింది.

"నిండింది తల్లీ, ఇవాళ అన్నం కూడా అక్కర్లేదు," అని పకపకా నవ్వింది పెద్ద కోడలు.

"నవ్వండి, నవ్వండి! ఆవిడ సరేనని ఉంటే రేపే వేరే ఇల్లు చూసుకుని పోయేవాళ్లం. మీ మొహం చూసే ఖర్మ తప్పేది నాకు!"

పెద్ద కోడలి నవ్వు ఠక్కున ఆగిపోయింది. పొగచూరిన ఓవెన్ వైపు చూసింది, తోడికోడలి వైపు చూసింది.

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదే!" అని అరిచింది. "నాలుకతో నాకైనా శుభ్రం చేసేదాన్ని!"

ఆమె నిజమే చెబుతోందని చిన్న కోడలికి తెలుసు. అప్పుడొచ్చింది ఏడుపు.