రెబెక్కమ్మ నేలగది

1961 ఏప్రిల్ ఆఖరి ఆదివారం నాడు మైపాడు చర్చిలో పాస్టరు యోనాగారు గిన్నె ఎత్తి ద్రాక్షారసం ఒక గుక్క తాగారు. కళ్ళు మూతలు పడ్డాయి, మొహం ముడుచుకుంది, బుగ్గల మీద నీళ్ళు కారాయి. ఆయనకు ఎంత పశ్చాత్తాపం కలిగిందో అనుకుని వెనక వరసల్లో ఆడవాళ్ళు కూడా ఏడ్చారు. తమ వంతు వచ్చి తాగాక నిజంగానే ఏడ్చారు.

ఆరాధన ముగిశాక ఆయన రెబెక్కమ్మను పక్కకు పిలిచారు. "అమ్మా, సిలువ మీద మన ప్రభువుకు పులిసిన చిరక పట్టించినారే, అది ఇదేనా?"

రెబెక్కమ్మకు యాభై ఏళ్ళు. భర్త పోయిన పదేళ్ళుగా చర్చికి ద్రాక్షారసం ఆమే చేస్తోంది. మద్యనిషేధం ఉన్న రోజులు కాబట్టి ఆరాధనలో పంచే సంస్కారపు రసానికి చర్చి పేర పర్మిటు ఉంది. నెల్లూరు నుంచి ఎండుద్రాక్ష తెప్పించి, జాడీల్లో పులియబెట్టి, భర్త బతికుండగా ఇంటి కింద సగం లోతుకు తవ్వించిన నేలగదిలో దాచేది. ఆ రసానికి పక్క ఊళ్ళలోనూ పేరుంది. ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా మందుకని ఒక చెంచా అడిగి పుచ్చుకునేవాళ్ళు. కిందటేడు గాలివానకు ఇంటికి పడమటి పక్క నీడనిచ్చే వేపచెట్లు కూలిపోయి, ఈ వేసవి ఎండంతా నేలగది గోడకే తగిలి, ఉన్న జాడీలన్నీ చెడిపోయాయి. పాస్టరుగారి మాట విన్న ఆ ఆదివారం ఆమె అన్నం ముట్టలేదు.

జూలైలో మూడు రోజుల సభలున్నాయి. నెల్లూరు నుంచి పాస్టర్లందరికీ పైవారైన పెద్దయ్యగారు వస్తున్నారు. చర్చి కమిటీ కూర్చుంది.

"నేలగదిని చల్లబరచాల. ఎట్టా?" అన్నాడు చర్చి పెద్ద చిన్నపోలయ్య. ఆయన ప్రశ్న తనే వేసి జవాబు తనే చెప్పే మనిషి. "ఐసుతో!"

చేపల వ్యాపారి మస్తానయ్య అడగ్గానే రంపపుపొట్టులో చుట్టిన మూడు దిమ్మెలు బండి మీద పంపాడు. రెండు రోజులు గది చల్లగానే ఉంది. మూడో రోజుకు చీలమండల దాకా నీళ్ళు నిలిచాయి. ఆ దిమ్మెలు అంతకుముందు సొరచేపల మీద కొలువు చేసి వచ్చినవి. రెబెక్కమ్మ కొత్తగా పెట్టిన జాడీ మూత తీసింది. యోనాగారు వాసన చూశారు.

"ప్రభువు పంచిన అయిదు రొట్టెలూ రెండు చేపలూ యాదికొస్తా ఉండాయమ్మా," అన్నారు.

చిన్నపోలయ్య వెనక్కి తగ్గలేదు. నెల్లూరులో ఒక దొరసాని దేశం విడిచిపోతూ వదిలించుకున్న కిరసనాయిలు ఫ్రిజ్‌ను రెండెద్దుల బండి మీద తెచ్చాడు.

"కింద దీపం పెడితే పైన చల్లబడేదేందన్నా?" అంది రెబెక్కమ్మ.

"సైన్సు," అన్నాడు చిన్నపోలయ్య. అంతకుమించి ఆయనకూ తెలియదు.

పెట్టె లోపల చల్లగానే ఉంది. దాని దీపం వేడికి గది మాత్రం ఉడికిపోయింది. జాడీలు అందులో పట్టలేదు. రెబెక్కమ్మ రసాన్ని సీసాల్లో పోసి నాలుగు పెట్టింది. వారం తిరిగేసరికి వాటి పక్కన చిన్నపోలయ్య సోడాలు, పాస్టరమ్మగారి మల్లెపూలు, ఇంకెవరివో రొయ్యలు చేరాయి. రొయ్యలు చూడగానే రెబెక్కమ్మకు పట్టరాని కోపం వచ్చింది. తిన్నగా కమిటీ దగ్గరికి నడిచింది.

"పదేండ్లుగా ఆ గదిలోకి దిగేది నేను. దానికేం కావాల్నో నన్ను ఒక్కరన్నా అడిగినారా? ఆ పెట్టెను ఎత్తుకపోండి."

చిన్నపోలయ్య మొహం మాడ్చుకుని, చర్చి ఆస్తిని భద్రపరచాలి కదా అంటూ ఫ్రిజ్‌ను తన ఇంటికే తోలించుకున్నాడు.

పక్కింటి ఎలిశబెతు ఆసుపత్రిలో నర్సు. ఆమెను తోడు తీసుకుని రెబెక్కమ్మ కాలవ ఇసక తట్టలతో మోసింది. గది నేలంతా మూరెడు ఎత్తున పరిచి, మట్టికుండల్లో కొత్త రసం పోసి మెడల దాకా పాతింది. పొద్దునా సాయంత్రం ఇసక తడిపింది. గది చిన్న కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి దాన్నీ తడుపుతూ ఉంది. పడమటి గోడకు తాటాకుల పందిరి వేయించింది.

ఎంత చల్లబడిందో చూద్దామని ఎలిశబెతు ఆసుపత్రిలో జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి ఇసకలో గుచ్చింది. పాదరసం కదల్లేదు.

"గదికి జొరం లేదుమే," అంది.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత రెబెక్కమ్మ ఒక గిన్నెలో కరిగిన నెయ్యి పెట్టి వచ్చింది. పైన వంటింట్లో నెయ్యి నీళ్ళలా ఉంటే, కింద గిన్నెలో మర్నాటికి పూసలా పేరుకుంది. ఆమెకు ఆ రుజువు చాలు.

సభల చివరి రోజు పెద్దయ్యగారు గిన్నె ఎత్తి ఒక గుక్క తాగారు. ఆగారు. ఇంకో గుక్క తాగారు. మూడోసారి ఎత్తబోతుంటే యోనాగారు మర్యాదగా గిన్నె అందుకున్నారు. వరసలో తాగి వెళ్ళిన ఇద్దరు ముసలమ్మలు ముసుగు దించుకుని మళ్ళీ వచ్చి నిలబడ్డారు.

ఆఖరున చిన్నపోలయ్య వందన సమర్పణకు లేచాడు. "ఇంత ఎండల్లో ఈ రసం చెడిపోకుండా మా కమిటీ రేయింబగళ్ళు పడిన కష్టం..."

ఆడవాళ్ళ వైపు నుంచి రెబెక్కమ్మ లేచింది.

"అన్నా, ఆ ఇసక మోసింది నేనూ ఎలిశబెతూ. మా పేర్లు చెప్పండి."

చిన్నపోలయ్య పెద్దయ్యగారి వైపు చూశాడు. ఆయన ఖాళీ గిన్నె వైపు చూస్తున్నారు. చేసేదిలేక చిన్నపోలయ్య రెండు పేర్లూ చెప్పాడు. "గట్టిగా!" అన్నారు ముసలమ్మలు. మళ్ళీ చెప్పాడు.

యోనాగారు గబగబా కీర్తన ఎత్తుకున్నారు. కంగారులో అది పెళ్ళి కీర్తన అయింది. అయినా అందరూ మూడు చరణాలూ పాడేశారు.