దవడలో గుంత

మా తోడికోడలంటే నాకు కుళ్లు. దాచుకోవడం ఎందుకు? నేను పళ్ల డాక్టర్ని, ఆమె క్యాన్సర్ సర్జన్. పెద్దకోడల్ని నేనైనా, నాకంటే ఆరేళ్లు చిన్నదైన ఆమె ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ మా అత్తగారికి చిన్నకోడలి జపమే. ఎవరైనా వస్తే చాలు, "పెద్దది పళ్లు పీకుతుంది, చిన్నది ప్రాణాలు కాపాడుతుంది" అని నవ్వుతూ చెప్పేవారు. నేనూ నవ్వేదాన్ని.

పంటి బాధ వస్తే మాత్రం అత్తగారు నా దగ్గరికే రావాలి. నాకు మిగిలిన రాజ్యం అదొక్కటే. కింది దవడలో వెనక పన్ను కదులుతోందని వచ్చినప్పుడు, చిగురు మీద చిన్న పుండు కూడా కనిపించింది. పంటి మొన గీసుకుని వచ్చిందనుకున్నాను. ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి, లాగాను. వేరు విరిగి లోపలే ఉండిపోయింది. దాన్ని తీయడానికి పక్కన ఎముకను డ్రిల్లుతో లోతుగా తొలవాల్సి వచ్చింది. కదిలే పంటికి ఇంత అవస్థ పడ్డానని రాసుకోవడం నామోషీ అనిపించి, 'పన్ను తీశాను' అని మాత్రం కేసు కాగితంలో రాసి ఊరుకున్నాను.

గాయం మానలేదు. వారానికోసారి మందు దూది పెట్టి పంపించాను. మూడో వారానికే నాకు అనుమానం తగిలింది. ముక్క తీసి పరీక్షకు పంపాల్సిన సమయం అది. పంపితే విషయం తిన్నగా తోడికోడలి దగ్గరికి వెళుతుంది. "కాస్త ముందే పంపాల్సింది అక్కా" అంటుంది, అదీ మెత్తగా. ఆ మెత్తదనమే నేను భరించలేను. ఇంకో మూడు వారాలు దూదే పెట్టాను.

చివరికి అత్తగారే విసుగెత్తి చిన్నకోడలి ముందు నోరు తెరిచారు. ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. స్కానింగ్ అయ్యాక తోడికోడలు నన్ను ఆస్పత్రికి పిలిచింది. తెర మీద అత్తగారి దవడ ఎముక, అందులో ఒక గుంత.

"ఎముక లోపలికి దిగిపోయింది అక్కా. పుండు చిన్నదే, కానీ ఇంత లోతుకి దిగితే నాలుగో దశ కిందే లెక్క. దవడ ఈ ముక్క మొత్తం కోసేసి, కాలి ఎముక తెచ్చి అతకాలి. పది గంటల ఆపరేషన్. అత్తయ్య గుండె తట్టుకుంటుందో లేదో."

"పైపైన మాత్రమే తిని ఉంటే?"

"పన్ను కూర్చునే గుంట అంచు వరకే అయితే నాలుగో దశ అనరు. పైఅంచు చెక్కేసి కింది ఎముక ఉంచేయొచ్చు. కానీ ఇది లోతుగా ఉంది కదా. మీరు పన్ను తేలిగ్గానే లాగేశారుగా? కాగితంలో ఇంకేం లేదు."

తెర వైపు చూశాను. గుంతకు ఒకవైపు అంచు చిరిగిన బట్టలా ఉంది. అది రోగం పని. రెండో వైపు గోడ నిటారుగా, నున్నగా కిందికి దిగింది. రోగం అంత శుభ్రంగా తొలవదు. అది నా డ్రిల్లు.

చెబితే ఈమె ముందు తల కొట్టేసినట్టవుతుంది. చెప్పకపోతే అత్తగారి దవడ పోతుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెంటినీ కాసేపు తూకం వేశాను. పెన్ను పట్టుకున్న ఆమె పొడుగాటి వేళ్లను చూస్తూ, వాటి మీద కూడా నాకు ఏడుపే అనుకున్నాను.

"వేరు విరిగింది. నేనే తొలిచాను" అన్నాను. "సిగ్గేసి రాయలేదు. పీకేముందు తీసిన ఎక్స్‌రే నా దగ్గరుంది. అందులో పైన కాస్త తిన్నట్టున్నా కింద ఎముక గట్టిగానే ఉంది. ఇంకోటి కూడా విను. అత్తయ్య నీకు చెప్పడానికి మూడు వారాల ముందే నాకు అనుమానం వచ్చింది. నీ దగ్గరికి పంపడం ఇష్టంలేక ఆపాను."

ఆమె మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "ఆ ఎక్స్‌రే ఇప్పుడే తీసుకురండి" అంది. అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. ఆ నిగ్రహం చూసి కూడా నాకు ఒళ్లు మండింది.

ఎక్స్‌రే చూశాక ఎమ్మారై తీయించింది. ఎముక లోపలి మూలుగ శుభ్రంగా ఉంది. ఆపరేషన్‌లో దవడ పైఅంచు చెక్కి, రోగం పాకి ఉండొచ్చని మెడలోని గ్రంథులు కూడా తీశారు. కింది ఎముక మిగిలింది. వారం తర్వాత అత్తగారు, చూడవచ్చిన వాళ్లతో ముద్దముద్దగా, "చిన్నకోడలు నా దవడ నిలబెట్టింది" అన్నారు.

"అక్క చెప్పబట్టే అత్తయ్యా" అంది తోడికోడలు. ఏం చెప్పానో మాత్రం చెప్పలేదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పన్నెండేళ్లుగా మొహం వాచిన మెప్పు, అదీ ఆమె దయతో దొరికింది.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. తన గదిలో తలుపు వేసి నా చేతికిచ్చింది. ఎముక అంచుల్లో రోగం లేదు. మెడలో తీసిన ముప్పై గ్రంథుల్లో ఒక్కదానిలో ఉంది. మూడో దశ. రేడియేషన్ ఇవ్వాలి.

"నేను ఆ మూడు వారాలు ఆపకుండా ఉంటే, ఈ ఒక్కటీ ఉండేది కాదా?" అని అడిగాను.

ఆమె నా చేతిలోంచి రిపోర్టు తీసుకుని మడిచింది.

"నాకు తెలీదక్కా."

ఆ మాట ఆమె నోట వినాలని ఇన్నేళ్లూ ఎంత కోరుకున్నానో. ఇప్పుడు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీకు తెలుసే, చెప్పవే" అని బతిమాలుతున్నాను.