ఎదురుకాళ్ల తిరుపాలమ్మ

సోమన్న గడప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తిరుపాలమ్మ ఎడమ చేత్తో ద్వారబంధం పట్టుకుని, కుడి మడమను అతని నడుము గుంటలో ఆనించి, ఒంటి బరువు మెల్లగా దించింది. మెల్లగా తీసింది. మళ్లీ దించింది. ఇద్దరూ మాట్లాడలేదు. పరగడుపున, పక్షులు మేతకు పోకముందు, నోరు విప్పకుండా తొక్కితేనే గుణమిస్తుందని నంద్యాలలో ఆ వీధివాళ్ల నమ్మకం. తలకు బదులు పాదాలు ముందు పెట్టి పుట్టిన మనిషి తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందంటారు. ఆ పుట్టుకనే ఎదురుకాళ్లు అంటారు. వీధి మొత్తానికీ అలా పుట్టింది తిరుపాలమ్మ ఒక్కతే.

సోమన్న లేచి నడుము అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మార్కెట్లో పత్తి మూటలు మోసే మనిషి, వయసులో ఆమెకంటే బాగా పెద్ద. "ఇడిసిందమ్మా" అన్నాడు.

ఇక రెండో పని మిగిలింది. పెద్దవాళ్లకు కాలు తగిలిన పాపం పోవాలంటే వాళ్ల పాదాలకు మొక్కాలి. అదీ పద్ధతే. తిరుపాలమ్మ వంగింది.

కష్టమంతా ఆ వంగడంలోనే ఉంది. తుంటిలో ఎక్కడో ఒక తీగ బిగుసుకుని, తొడ వెనుక నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా నిప్పుదారంలా పాకింది. కళ్ల ముందు తెల్లగా దూది ఎగిరినట్టయింది. పంటి కింద పెదవి నొక్కిపట్టి, వేళ్లు అతని పాదాలకు తగిలాయనిపించి, గోడ పట్టుకుని లేచింది. సోమన్న గమనించలేదు. తెచ్చిన గిద్దెడు జొన్నలు గూట్లో పెట్టి, తుండు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఏడాదిగా ఇదే వరస. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. తన కాలే బాగుచేసుకోలేనిది మన నడుమేం బాగుచేస్తుంది అనుకుంటారు. పైకి అననైనా అనరు. ఊరికే రావడం మానేస్తారు.

ఆమె పుట్టినప్పుడే తల్లి పోయింది. అమ్మను తన్నేసి వచ్చిందన్నారు. అన్నవాళ్లే, నడక కూడా రాని ఆ పిల్లను చంకనేసుకుని ఇంటింటికీ తీసుకుపోయి, ఆ బుడ్డపాదాన్ని తమ నడుములకు తాకించుకున్నారు. అవ్వ పెంచి దాసరయ్యకిచ్చి చేసింది. ఆయన ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. జిన్నింగు మిల్లులో మేస్త్రీకి ఆమె పేరు ఇప్పటికీ గుర్తుండదు, "ఓయమ్మే" అంటాడు. పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు ఆమెను ఎవరూ పిలవరు. తెల్లవారుజామున మాత్రం తలుపు దగ్గర ఒక గొంతు "తిరుపాలమ్మా" అంటుంది. ఆ పిలుపు వినడానికే తాను నిద్ర లేస్తున్నదేమో అని ఆమెకు ఒక్కోసారి అనిపించేది.

ఆ రోజు ఆదివారం, మిల్లు లేదు. తిరుపాలమ్మ పొయ్యి మీద పెంకులో ఇసుక వేడి చేసి, పాతగుడ్డలో మూటగట్టి, తుంటికి కాపడం పెట్టుకుంది. వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్లు పోసుకుంది. ఆసుపత్రిలో డాక్టరు ఇచ్చిన మాత్ర ఒకటి వేసుకుంది. వెన్నుపూసల మధ్య నరం నలుగుతోందని, నేల మీద కూర్చునే పని మానేయాలని ఆయన చెప్పాడు. మిల్లులో ఆమె పనే నేల మీద కూర్చుని పత్తిలో ఎండాకు, పుల్ల ఏరడం. ఆ మాట ఆయనకు చెప్పకుండానే చీటీ తీసుకుని వచ్చేసింది. మాత్ర నొప్పిని తీసేయదు. నొప్పికీ ఆమెకూ నడుమ ఒక దుప్పటి కప్పుతుంది, అంతే. ఆ దుప్పటి ఇవతల అన్నీ మెత్తగా, దూరంగా, వేరే ఎవరికో జరుగుతున్నట్టుగా ఉంటాయి.

వెల్లకిలా పడుకుని, పిక్కలు రెండూ తిరగేసిన గంప మీద పెట్టుకుంటే మాత్రం కాసేపు నొప్పి నిజంగానే ఉండదు. ఆ ఉపాయం ఆమె తనంతట తానే కనిపెట్టింది. కానీ గంప మీద కాళ్లు పెట్టుకుని మనిషి ఎంతసేపు బతుకుతుంది?

ఆళ్లగడ్డకు పొమ్మని ముందురోజే చెప్పింది ప్రమీలమ్మ. మిల్లులో పక్కన కూర్చుని పత్తి ఏరే మనిషి.

"నాకు తెల్సులేమ్మే. ఎప్పుడు జూసినా ఎడమ పక్కకే ఒరిగి కూచుంటాండావ్. నీ కాలితో నిన్ను నువ్వు తొక్కుకోల్యావు గదా. మా ఊర్లో రోళ్లు కొట్టే పాపయ్య తాత ఉండాడు. ఆయప్ప గూడ ఎదురుకాళ్లే. పోయి తొక్కించుకో."

తిరుపాలమ్మ చేతిలో పత్తి కింద పెట్టింది. ఎవరికైనా చెబుతావా అని మాత్రం అడిగింది. చెప్పి నాకేం ఒరుగుతుందని ప్రమీలమ్మ ఏరుతున్న పత్తిలోకి తల వంచుకుంది.

ఆ ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ పోయే ఎర్రబస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కూర్చుంటే తుంటిలో తీగ లాగుతుంది కాబట్టి ఆమె కడ్డీ పట్టుకుని, బరువంతా ఎడమ కాలి మీద మోపి నిలబడింది. కండక్టరు రెండుసార్లు చూసి, ఇక ఉండబట్టలేక, "సీటుండంగా నిలబడ్యావేందమ్మా, మొక్కుబడా?" అన్నాడు. ఔనంది ఆమె. ఏ దేవుడికని అతను అడగలేదు.

శిరివెళ్ల దాటాక ఎడమవైపు నల్లమల కొండలు బస్సుతో పాటే నడవడం మొదలుపెట్టాయి. మంచు ఇంకా విడవలేదు. కొండల నడుములకు మంచు చుట్టుకుని ఉంటే, వాటికి కూడా ఎవరో కాపడం పెట్టినట్టు ఉంది. జొన్నచేలు, పత్తిచేలు, మళ్లీ జొన్నచేలు. మాత్ర మత్తులో ఆమెకు బస్సు కదలడం లేదనీ, భూమే మెల్లగా వెనక్కు ప్రవహిస్తోందనీ అనిపించింది. చిన్నప్పుడు ఎవరి చంకలోనో కూర్చుని ఇంటింటికీ పోయినప్పుడు కూడా ఇలాగే ఉండేది. తాను నడవకుండానే ఊరు నడిచేది. తనను మోసిన ఆ చంక వెచ్చదనం ఒక్క క్షణం పక్కటెముకలకు తగిలినట్టయింది. తర్వాత బ్రేకు పడింది, నరం మేలుకుంది.

ఆళ్లగడ్డలో పాపయ్య ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఊరి చివర, రాతిపొడి పడి ఆకులన్నీ తెల్లబడిన కానుగ చెట్టు దాటాక. వాకిట్లో సగం తొలిచిన రోలు ఒకటి వాననీళ్లు నింపుకుని ఉంది. పాపయ్య దేవుళ్ల బొమ్మలు చెక్కే శిల్పి కాదు. రోళ్లు, తిరగళ్లు, ఇంటి మెట్లు కొట్టినవాడు. ఆయన కోడలు రంగమ్మ బట్టలు ఆరేస్తూ, తీగను అందుకోవడానికి నడుము మీద చెయ్యి వేసుకుని మరీ నిక్కుతోంది. వచ్చిన పని విని ఆమె మొహం చిన్నబుచ్చుకుంది.

"ఆయప్ప కాలు పైకెత్తి ఎన్నాళ్లయిందో. పది దినాల్నుంచి గంజి గూడ దిగల్యా. అన్నీ నేనే ఎత్తేది, దించేది. ఆయన కొడుకు బేతంచెర్ల గనుల కాడుండాడు. కొంచెం ముందుగా రాకపోతివా."

తిరుపాలమ్మ నీళ్లు తాగి పోతానంది. అంత దూరం నిలబడి వచ్చిన కాలు అప్పుడే నేలలోకి దిగబడిపోతున్నట్టు వణికింది. లోపలి నుంచి రాయి మీద రాయి రాసినట్టుగా ఒక గొంతు, ఎవరని అడిగింది. రంగమ్మ కేకేసి చెప్పింది. మంచం కిర్రుమంది. తర్వాత, "రమ్మను" అంది ఆ గొంతు.

కుక్కిమంచంలో పాపయ్య ఎండిపోయిన సొరకాయలా తేలికగా ఉన్నాడు. కళ్లు మాత్రం పెద్దవి.

"నేను గూడ అట్లా పుట్టిందాన్నే నాయనా" అంది తిరుపాలమ్మ.

"అట్లయితే మనిద్దర్నీ తొక్కేదానికి దేవుడే ఎదురుకాళ్లతో పుట్టాల." నవ్వబోయి దగ్గాడు. "మీయమ్మ?"

"పురిట్లోనే పోయె."

"మాయమ్మ బతికింది. బతికి, సచ్చేదాకా నన్ను తిట్టింది."

తిరుపాలమ్మకు నవ్వొచ్చింది. నొప్పి మొదలయ్యాక ఇంత సులువుగా నవ్వు వచ్చిన గుర్తు ఆమెకు లేదు. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో ఆయన అడిగాడు, ఆమె చెప్పింది. దాచకుండా, తుంటి నుంచి చిటికెన వేలి దాకా, మొత్తం. రాత్రుళ్లు పక్క మీద పొర్లలేకపోవడం, నవ్వితే తుమ్మితే తీగ లాగడం, పిక్క మీద కనబడని చీమల బారు. ఇవన్నీ పైకి చెబుతుంటే అవి తన ఒంట్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చి చాప మీద కూర్చుంటున్నట్టు అనిపించింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తనకూ ఉండేదన్నాడు. అందరికీ తొక్కి, అందరి కాళ్లకూ మొక్కీ మొక్కీ తెచ్చుకున్నదేనన్నాడు.

రంగమ్మ మంచం పక్కనే చాప పరిచింది. తిరుపాలమ్మ గోడ పట్టుకుని, మోకాళ్ల మీదికి దిగి, బోర్లా పడుకుంది. రంగమ్మ ముసలాయన కుడికాలు రెండు చేతులా ఎత్తి, మంచం పట్టె మీదుగా జార్చి, ఆమె నడుము మీద పెట్టింది. పగుళ్లు తేలిన పాదం. చల్లగా లేదు, వేడిగా లేదు.

"బరువెయ్యల్యాను తల్లీ. ఊరికే పెట్టింటా. సాల్తాదా?"

"సాలు నాయనా."

"లేసినాక మొక్కద్దు. వొంగొంగే గదా ఇదంతా."

ఆమెకు ఆ మాట అంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెంప చాపకు ఆనించి అలాగే ఉండిపోయింది. రంగమ్మ ఉట్టి మీది చల్లకుండ దించే పనిలోకి వెళ్లిపోయింది. బయట ఎక్కడో ఉలి మీద సుత్తి పడుతోంది. ప్రతి దెబ్బకూ మధ్య ఖాళీ పెరుగుతూ పోయింది.

ఆమె నిద్రపోయింది. నిద్రలో మిల్లు కప్పు తీసేసి ఉంది, ఆకాశం నుంచి దూది దిగుతోంది. దాంట్లో ఏరడానికి పుల్ల లేదు, ఎండాకు లేదు. మేస్త్రీ లేడు. దూది ఆమె కాలి మీద, తొడ మీద, తుంటి మీద పేరుకుంటోంది. ఎవరో ఆడమనిషి ఆమె పాదాలను రెండు అరచేతుల్లో పట్టుకుని చూస్తోంది. తిట్టడం లేదు. ఎంత చిన్నవో అన్నట్టు, ఊరికే చూస్తోంది.

మెలకువ వచ్చేసరికి ఎండ తలుపులోంచి చాప దాకా వచ్చింది. నడుము మీద పాదం అలాగే ఉంది. ముందుకంటే బరువుగా ఉంది. ముసలాయన మొత్తానికి బరువేశాడు అనుకుంది. తర్వాత ఆ చల్లదనం తెలిసింది.

తిరుపాలమ్మ వెంటనే కదలలేదు. ఆ పాదం కింద ఇంకాసేపు పడుకుంది. ఆపైన మెల్లగా పక్కకు తిరిగి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మంచం మీద, రెండో పాదం పక్కన సరిగ్గా పెట్టింది. అప్పుడు రంగమ్మను పిలిచింది.

"పోయినాడా?" అంది రంగమ్మ గుమ్మంలోంచే.

"పోయినాడమ్మా. నిద్రలోనే."

రంగమ్మ వచ్చి, సగం తెరుచుకున్న ఆయన కళ్లు మూసింది. ఏడవలేదు. కిందికి దించాలి, పట్టుకో అంది. ఇద్దరూ ఎత్తారు. ఆయన బరువే లేడు. చాప మీద పడుకోబెట్టి లేవబోయిన రంగమ్మ సగంలో ఆగిపోయింది. నడుము పట్టేసింది. పైకి రాలేదు, కిందికి పోలేదు. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు, మామ కోసమో నడుము కోసమో తెలియకుండా.

పొద్దు వాలుతోంది. పరగడుపు కాదు, పక్షులు మేత ముగించి తిరిగి వస్తున్నాయి. తిరుపాలమ్మ ఆమెను భుజాలు పట్టి గడప దగ్గరికి నడిపించి, బోర్లా పడుకోబెట్టి, కుడి మడమ ఆనించింది.

"నాకూ ఉందమ్మా నొప్పి. ఈ కాలికే. ఉన్నా తొక్కుతా. కావాలంటే తొక్కించుకో, లేకుంటే లేదు."

"తొక్కమ్మా" అంది రంగమ్మ ఏడుస్తూనే.

తొక్కుతూ తన తుంటిలో తీగ కోసం ఎదురుచూసింది. వచ్చింది. కానీ పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నంత దూరంగా వచ్చింది. ఆ పాదం వల్లనో, ఆ నిద్ర వల్లనో, చెప్పేసినందుకో ఆమెకు తెలియలేదు. రేపు మళ్లీ దగ్గరికి వస్తుందని మాత్రం తెలుసు. రేపు తెల్లవారుజామున తలుపు దగ్గరికి ఎవరు వచ్చినా ఇదే మాట చెప్పాలనీ, విని కూడా పడుకున్నవాళ్లనే తొక్కాలనీ, ఎవరికీ వంగకూడదనీ అనుకుంది. వచ్చేవాళ్లు తగ్గుతారు. తగ్గనీ.

రంగమ్మ లేచి, నడుము మీద చెయ్యి వేసి, నెమ్మదిగా నిటారుగా నిలబడింది. ఇరుగుపొరుగుకు కబురు చేరింది. ఒక్కొక్కరే వస్తున్నారు. చివరి బస్సు పోతుందని చెప్పి తిరుపాలమ్మ వాకిట్లోకి దిగింది.

వచ్చినవాళ్లు తమ చెప్పులను కానుగ చెట్టు కింద ఒకచోట గుంపుగా వదిలారు. మెట్టు పక్కన ఉన్న పాపయ్య జతను మాత్రం ఎవరూ కదపలేదు. లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు, ఎప్పుడైనా తొడుక్కుని బయల్దేరేటట్టు వీధివైపు తిరిగి ఉన్నాయి. కుడిదాంట్లో, మడమ పడి పడి అరిగిన గుంటలో, రాతిపొడి ఇంకా తెల్లగా ఉంది.