బంపరుకు పట్టిన నీడ

2009 ఏప్రిల్ 22, బుధవారం. తెల్లవారినప్పటి నుంచీ ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. గాలి లేదు, మబ్బుతునక లేదు. ఇంకా ఎనిమిదైనా కాకుండానే ఎండ చురుక్కుమంటోంది. వీధిలో అందరూ ఉస్సురుమంటుంటే నల్లమేస్త్రి మాత్రం తన రేకుల షెడ్డు ముందు నిలబడి, అరచెయ్యి కళ్లకడ్డం పెట్టుకుని పైకి చూసి, "బావుంది" అనుకున్నాడు. అంతకుముందు వారమంతా ముసురు. ముసురులో ఆయన పని సాగదు.

మనిషి పచ్చటివాడే. నల్లమేస్త్రి అన్న పేరు పనిని బట్టి వచ్చింది. పేరు విని కొత్తగా వచ్చినవాళ్లు ఆయన్నే పట్టుకుని, "నల్లమేస్త్రి ఉన్నాడా?" అని అడిగేవాళ్లు. "లోపల నల్లబడుతున్నాడు, అయిపోగానే వస్తాడు, కూర్చోండి" అనేవాడాయన, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా.

పని ఏమిటంటే, కార్లకి పోయిన నలుపు తిరిగి పట్టించడం. కొత్త కారుకి బంపర్లూ, తలుపుల మీది ప్లాస్టిక్ పట్టీలూ, అద్దాల చుట్టూ ఉండే రబ్బర్లూ నిగనిగలాడుతూ ఉంటాయి. రెండు మూడు వేసవులు గడిచేసరికి ఎండ ఆ నలుపు తాగేసి బూడిదరంగు మిగులుస్తుంది. వెనకటి కార్లకి ఈ బాధ లేదు. వాటికి ఇనప బంపర్లు, తళతళలాడే పూత. మేస్త్రి తండ్రి కుర్రతనంలో ఆ బంపర్లలో చూసుకునే తల దువ్వుకునేవాడట. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. దాంతోబాటే ఆ ఇంటికి తిండీ వచ్చింది.

తెల్లబడ్డ బంపరుకి జనం చెయ్యని వైద్యం లేదు. వంటనూనె రాస్తారు, ఊళ్లో దుమ్మంతా వచ్చి దానిమీద కూర్చుంటుంది. ఒక కాలేజీ లెక్చరరు బూటు పాలిష్ దట్టంగా పట్టించి, ఆ సంగతి మర్చిపోయి తెల్ల ప్యాంటుతో కారుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ వేళ పిల్లలకి పాఠమంతా వీపు గోడకి ఆనించే చెప్పాడు, బోర్డు మీద ఒక్క ముక్క రాయలేదు. పిల్లలు ఆయనకేదో జబ్బు చేసిందనుకున్నారు.

నల్లమేస్త్రి దారి వేరు. ముందు సబ్బునీళ్లతో కడిగేవాడు. ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కున్న తెల్లటి పాలిష్‌ని పాత పళ్లబ్రష్షుతో ఓపిగ్గా గీకేవాడు. తడి ఆరాక పెయింటు అంచుల వెంట కాగితం టేపు అంటించేవాడు. అప్పుడు ఎండలో గొంతుక్కూర్చుని, నూలుగుడ్డ మడతపెట్టి, నేలమీద ఒలికిన సిరాని ఒత్తినట్టు తన నీడని ఆ గుడ్డతో ఒత్తి తీసేవాడు. దాన్ని బంపరుకి రుద్దేవాడు. పొద్దుటి నీడ పొడుగ్గా పలచగా ఉంటుంది, ప్లాస్టిక్‌కి బాగా ఇంకుతుంది. మిట్టమధ్యాహ్నం నీడ పొట్టిగా, చిక్కగా ఉంటుంది, అది రబ్బరుకి. చెట్టు నీడకీ గోడ నీడకీ పస లేదు, గుడ్డకి అంటవు. మనిషి నీడే కావాలి. మడమల దగ్గర కాస్త అంచు వదిలిపెడితే తెల్లారేసరికి గడ్డం మొలిచినట్టు మళ్లీ మొలిచేది. ఆ అంచు కూడా ఊడ్చేస్తే ఇంక మొలవదు. నీడ లేని మనిషి ఎన్నాళ్లో ఉండడు. ముందు చలి పట్టుకుంటుంది, తర్వాత అన్నం సహించదు. మేస్త్రి తండ్రి అలాగే పోయాడు.

వయసు పైబడ్డాక మేస్త్రి నీడ కూడా సరిగ్గా మొలవడం మానేసింది. ఆ ఏడాదికి పాదాల చుట్టూ బెత్తెడు మిగిలింది. భార్య పోరు పడలేక మామూలు బేరాలన్నీ ఎదురుగా ఉన్న కొడుకు షాపుకి పంపేస్తున్నాడు. కొడుకుది డబ్బాల్లో వచ్చే షైన్ మందు కొట్టే షాపు. కొట్టగానే కళ్లు జిగేల్మనేవి. మొదటి వానకి ఆ నలుపంతా చారలు చారలుగా కారి రోడ్డు పాలయ్యేది.

ఆ బుధవారం నాడు వచ్చినది మేస్త్రి చెల్లెలు. మొగుడు పోయాక ఆయన వదిలివెళ్లిన కారునే టాక్సీగా తిప్పుకుంటూ బతుకుతోంది. ఇంజను గడియారంలా నడుస్తుంది గానీ, పైన చూస్తే ముందు బంపరు పాచిపట్టిన పలకలా ఉంది.

"రేపు కంపెనీవాళ్లు బళ్లు చూస్తారన్నయ్యా," అంది దిగుతూనే. "ముసలి బండి అనిపిస్తే తీసేస్తారు. పోయినసారే ఆ సూపర్వైజరు మొహం చిట్లించాడు."

"ఇంజను చూడడా?"

"బానెట్టు ఎత్తితే చెయ్యి మాసిపోదూ ఆయనకి! చెంబుతో నీళ్లు పట్టుకుని తిరుగుతాడు. బంపరు మీద పోస్తాడు. నల్లగా కారిందా, సంతకం పెట్టకుండా పక్క బండి దగ్గరికి పోతాడు."

"అయితే వీడి మందు పనికిరాదన్నమాట," అన్నాడు మేస్త్రి ఎదురు షాపు వైపు చూసి.

"పనికొచ్చినా రాకపోయినా అదే కొట్టించుకుంటా. నువ్వు మాత్రం నీ నీడ ముట్టుకున్నావంటే ఊరుకోను. వదిన నన్ను చంపేస్తుంది."

"మీ వదిన నన్ను చంపాక గదా నీ దాకా వచ్చేది! పోవే, వెళ్లి లోపల కూర్చో. ఈ మధ్య పని మానేసి తిని కూర్చుంటున్నాగా, నాకూ బాగానే మొలిచింది."

అబద్ధం. ఇద్దరికీ తెలుసు. ఆమె లోపలికి వెళ్లింది.

పనిలో ఆయన తండ్రి పెట్టిన నియమం ఒకటుంది. గుడ్డ నేలకి ఆనించే ముందు చుట్టూ చూడాలి, పక్కన మనిషి ఉండకూడదు. బేరగాళ్లని అందుకే రోడ్డవతలికి పంపి నిలబెట్టేవాడు. ఆ రోజూ చూశాడు. ఎవరూ లేరు. గొంతుక్కూర్చుని పని మొదలుపెట్టాడు. కళ్లకి పొర వచ్చి అప్పటికి చాలాకాలమైంది. చెవులూ అంతంతమాత్రమే. కాసేపటికి తల వంచి చూసుకుంటే తన ముందు నీడ ఒత్తుగా, వెడల్పుగా పరుచుకుని ఉంది. ఆయన గుండె పొంగిపోయింది. ఏళ్ల తర్వాత పడుచుతనపు నీడ! నిజంగానే మొలిచిందన్నమాట. తన పాదాల వెనక్కి పరుచుకున్నది కూడా వదలకుండా ఒత్తి ఒత్తి తీశాడు. బంపర్లకీ, పట్టీలకీ, అద్దాల రబ్బర్లకీ అన్నిటికీ పట్టించాడు. తన మడమల దగ్గర అంచు మాత్రం జాగ్రత్తగా వదిలిపెట్టి, చిన్నగా ఈల వేసుకుంటూ లేచాడు. ఆయన ఈల విని కొడుకు షాపులోంచి తొంగిచూశాడు.

మర్నాడు సూపర్వైజరు చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు నీళ్లలాగే కారాయి. ఇంకో చెంబు పోశాడు, వేలితో రుద్ది వేలు చూసుకున్నాడు. సంతకం పెట్టేశాడు.

ఆ కబురు చెప్పడానికి చెల్లెలు హారన్ మోగించుకుంటూ వచ్చింది. కారు దిగి ఎండలో నిలబడింది. మేస్త్రి భార్య గుమ్మంలోంచి చూసి, చెవి కమ్మ కనపడకపోతే అడిగినట్టే అడిగింది.

"అమ్మాయ్, నీ నీడేదీ?"

అందరూ నేలకేసి చూశారు. ఆమె చెప్పుల కింద ఉత్త సిమెంటు తెల్లగా మెరుస్తోంది. మేస్త్రి తన పాదాల కేసి చూసుకున్నాడు. బెత్తెడు నీడ ఎలా ఉండేదో అలాగే ఉంది.

"నిన్న నా వెనక నిలబడ్డావా?" అన్నాడు.

"నువ్వు నీడ తియ్యడం కిటికీలోంచి చూశానన్నయ్యా. వద్దని చెప్పి చెయ్యి పట్టుకుందామనే వచ్చా. వెనకదాకా వచ్చాక నోరు రాలేదు. బండి పోతే నా బతుకేంటని... అలాగే నిలబడిపోయా. నీది తీస్తున్నావనే అనుకున్నా. నాదని తెలిస్తే కనీసం పక్కకి జరిగేదాన్ని గదా!"

చివరి మాటకి తనే నవ్వింది. ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి ఆ గుడ్డ పిండి చూశాడు. పొడిగా ఉంది. వేడిగాలి కొట్టే మిషను తెచ్చి బంపరు మీద పెట్టాడు. ప్లాస్టిక్ వేడెక్కింది, ఇంకొంచెం నల్లబడింది. ఇంకినది ఇంకింది. ఇన్నేళ్లూ "నా నలుపు ఊడదు" అని గర్వంగా చెప్పుకున్న మాట ఆ పూట ఆయనకి గొంతులో ముల్లులా దిగింది.

కార్లో కూర్చున్నంతసేపూ ఆమెకి ఏమీ ఉండేది కాదు. నీడ అక్కడే ఉంది మరి. దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మండుటెండలో పళ్లు టకటకలాడేవి. ముందు భోజనం కార్లోకి మారింది. తర్వాత పడక. రెండో అంతస్తులో ఉన్న తన గది మెట్లు ఎక్కడం మానేసింది. ప్రయాణికుల పెట్టెలు అందుకోవడానికి దిగలేక కిటికీలోంచే, "కాస్త మీరే పెట్టేసుకోండి బాబూ, నడుం పట్టేసింది" అనేది. నడుం నొప్పి ఎన్నాళ్లని నమ్ముతారు? కంపెనీకి ఫిర్యాదులు వెళ్లాయి. మనిషి స్టీరింగు వెనక ముడుచుకుపోయి, రోజురోజుకీ పిల్లలా తేలికైపోతోంది.

ఒక మధ్యాహ్నం మేస్త్రి షెడ్డు ముందు కారు ఆపి ఆమె కునుకు తీస్తుంటే, ఇంట్లోవాళ్లు ముగ్గురూ బయట నిలబడ్డారు.

"నీడ మనిషి ఒంటికి పట్టదు," అన్నాడు మేస్త్రి. "రబ్బరుకి పడుతుంది. అమ్మాయి రబ్బరు చెప్పులకి పట్టిస్తే నడిచినచోటికల్లా కాళ్ల కింద ఉంటుంది."

"ఎవరి నీడ?" అంది భార్య. అని తన పాదాల కేసి చూసుకుంది.

"నీ వైపు చూసుకోకు. నీది ముట్టను."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. పడుచువాడు, వాడి నీడ నేలమీద మంచమంత ఉంది. కాస్త తీసినా తెల్లారేసరికి మొలుస్తుంది. కొడుకు ఒక్క అడుగు వెనక్కి వేసి, షెడ్డు నీడలోకి వెళ్లి నిలబడ్డాడు.

"పిల్లలు గలవాణ్ణమ్మా," అన్నాడు. "మళ్లీ మొలుస్తుందని ఎవరు హామీ?"

"నిన్ను ఎవరడిగార్రా?" అన్నాడు మేస్త్రి మెల్లగా. "నాది ఉంది."

కొడుకు మొహం మారింది. "ఆ చివరిది నాకు రావాలి నాన్నా."

అది నిజమే. ఆ ఇంట్లో పని చేతులు మారేది అలాగే. తండ్రి పోయేముందు ఆఖరి నీడని కొడుకు అరచేతులకి రుద్దేవాడు. చర్మం మీద నీడ నిలిచేది కాదు గానీ, నీడని ఎత్తే చేతివాటం నిలిచేది. ఆ ఒక్కసారి రుద్దకపోతే ఎంత నీడ ఉన్నా ఆ చేతులకి గుడ్డ గుడ్డే.

"వద్దన్నావు గదరా, పాడు పనన్నావు," అంది తల్లి.

"అన్నాను. నా పని వానకి కడుక్కుపోతోందమ్మా. వచ్చినవాడు రెండోసారి రావడం లేదు. షట్టర్ ఎత్తి సాయంత్రం దాకా ఈగలు తోలుకుంటున్నా." "నేను మాత్రం ఏం చెయ్యను నాన్నా?"

మేస్త్రి కొడుకుని చాలాసేపు చూశాడు. వాడి చేతులు చూశాడు. తన చేతులలాంటివే, వేళ్లు పొడుగు. కారు కిటికీలోంచి చెల్లెలి తల ఒక పక్కకి వాలిపోయి కనపడుతోంది. ఏప్రిల్ పోయి మే వచ్చింది, మెడదాకా దుప్పటి కప్పుకుని ఉంది.

ఆయన వెళ్లి తలుపు తీసి, నిద్ర లేవకుండా ఆమె కాళ్ల నుంచి చెప్పులు తీశాడు. సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాడు. నడినెత్తిన సూర్యుడు, నీడ చిక్కగా ఉండే వేళ. చుట్టూ చూసి, భార్యనీ కొడుకునీ రోడ్డవతలికి పొమ్మన్నాడు. వాళ్లు వెళ్లారు. అక్కణ్ణుంచి చూస్తే ముసలాయన చెప్పులు బాగుచేసుకుంటున్నట్టే ఉంది. మడమల దగ్గర అంచు దాకా వచ్చి చెయ్యి ఆగింది. తర్వాత అదీ ఒత్తేశాడు.

ఆమె లేచి, చెప్పులు వేసుకుని, బెదురుతూ కాలు కింద పెట్టింది. నాలుగడుగులు వేసింది. చలి లేదు. కాళ్ల కింద పలచగా, కొద్దిగా గూనితో, ఒక మగమనిషి నీడ కదిలింది. ఆమె దాన్ని చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. "ఏడుపు తర్వాత, ముందు మెట్లెక్కి నీ గది తుడుచుకో. ఎలకలు కాపరం పెట్టుంటాయి," అన్నాడు మేస్త్రి, భుజాల మీద తువ్వాలు బిగించి కప్పుకుంటూ.

ఆయన ఆ వారంలోనే పోయాడు. చివరిదాకా కప్పుకోవడానికి ఇంకోటి, ఇంకోటి అని అడుగుతూనే ఉన్నాడు.

రేకుల షెడ్డు భార్యకి వచ్చింది. అందులో ఆవిడ వంటచెరకు పెట్టుకుంది. వేడిగాలి మిషనూ, బ్రష్షులూ కొడుకుకి వచ్చాయి. ఒకసారి ఎండలో కూర్చుని గుడ్డతో తన నీడని ఒత్తి ఒత్తి చూశాడు, గుడ్డకి దుమ్ము అంటింది. మిషను అమ్మేసి, షట్టర్ దించేసి, పెద్ద వాషింగు సెంటర్లో కార్లు కడిగే పనికి చేరాడు. చెల్లెలికి నీడ వచ్చింది. ఇంకా టాక్సీ నడుపుతోంది. బంపరు ఇప్పటికీ నల్లగానే ఉంది. చెప్పులు మాత్రం అరుగుతున్నాయి. కుడి మడమ కింద చిల్లు పడింది, ఆ మేర నీడలో వెలుతురు కనపడుతుంది. ఆమెకి పిల్లలు లేరు. పనికి వారసుడు లేడు. కొడుకు కొడుకులకి ఏమీ రాలేదు.