నెస్తాన్ గారి మందుల చట్టం

నెస్తాన్ కోబాలియా గారు పుట్టింది జార్జియాలో. అక్కడి ఆసుపత్రులను గాడిలో పెట్టారన్న పేరుంది కాబట్టి మా ఉక్రెయిన్ ప్రభుత్వం పిలిచి, పౌరసత్వం ఇచ్చి, ఆరోగ్యమంత్రిని చేసింది. కీవ్‌లో ఆమెకు నేను దుబాసీని. మా భాష ఆమెకు చాలావరకు అర్థమయ్యేది గానీ, నోరు తెరిస్తే పార్లమెంటులో నవ్వేవాళ్ళు.

ఆమె తెచ్చిన చట్టంలో ఉన్నది ఒకటే మాట. రోగులకు ప్రభుత్వం ఇచ్చే మందులు దళారుల చేత కొనిపించకుండా, అంతర్జాతీయ సంస్థల ద్వారా నేరుగా తెప్పించాలి. ఆ దళారులకు సభ నిండా స్నేహితులే. పొద్దున ఓటింగులో బిల్లు వీగిపోయింది. మధ్యాహ్నం మరోసారి పెడతానన్నాడు సభాపతి.

నడవలోకి వచ్చాం. మా వెనకాలే డాక్టర్ విహోవ్‌స్కీ వచ్చాడు. ఒకప్పుడు ల్వివ్‌లో ఆసుపత్రి నడిపిన మనిషి, ఇప్పుడు సభ్యుడు. మంత్రిగారంటే పడదు.

"మంత్రిగారూ, ముందు మా భాష నేర్చుకోండి. మా రోగుల సంగతి తర్వాత చూద్దురుగాని."

నేను అనువదించబోతే నెస్తాన్ గారు చెయ్యి అడ్డుపెట్టారు. "అర్థమైందిలే యారినా."

ఓటింగు చూడ్డానికి వచ్చిన రోగుల బంధువులు గోడ పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ళలోంచి ఒకామె ముందుకు వచ్చింది.

"డాక్టర్ గారూ, గుర్తుపట్టారా? జోర్యానాని, యుఖీమ్ భార్యని. రక్తం గడ్డకట్టని జబ్బు ఆయనకి. అప్పట్లో మోకాలు వాచిపోయి మీ ఆసుపత్రిలోనే పడి ఉండేవాడు. మందు రాలేదన్నారు మీరు."

"రాలేదమ్మా మరి. నేనేం చెయ్యను?"

"రాకుండా చేసినవాళ్ళంతా ఇక్కడ పుట్టినవాళ్ళేగా! మన భాష గడగడా మాట్లాడేవాళ్ళేగా! ఈవిడ ఎక్కడ పుడితే నాకేంటండీ?"

విహోవ్‌స్కీ ముఖం ఎర్రబడింది.

"ఇప్పుడెలా ఉన్నాడు?" అన్నాడు.

"కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇంట్లో ఒక్క డోసు మందు లేదు."

అతను మళ్ళీ మా వైపు చూడకుండా సభలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఫలితం తెరమీద వెలగగానే సభంతా కేకలు. ఆ గోలలో నెస్తాన్ గారికి ఒక్క ముక్క వినపడలేదు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఏమంటున్నారు? చెప్పవే!"

"గెలిచాం మేడమ్. బొటాబొటిగా గెలిచాం."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వుతున్నారు. బయటికి పోతూ విహోవ్‌స్కీ మా దగ్గర ఆగాడు.

"నేనూ అనుకూలంగానే వేశాను. మీ ఉచ్చారణ మాత్రం ఘోరం."

"మీరే నేర్పండి," అన్నారావిడ.

మరుసటి వసంతంలో మంత్రివర్గం మారి ఆమె పదవి పోయింది. చట్టం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. గది ఖాళీ చేస్తూ, ఇక నిద్రపట్టే మనిషిలా కూనిరాగం తీస్తున్నారు. అప్పుడే జోర్యానా ఫోన్ చేసింది. మందు వచ్చిందట, ఇంటికే ఇచ్చారట. డబ్బాలతో ఫ్రిజ్ నిండిపోయి వెన్న పెట్టడానికి చోటు లేదట.

"వెన్న బాల్కనీలో పెట్టుకోమను, బయట ఇంకా చలేగా!" అన్నారు నెస్తాన్ గారు, మా భాషలోనే, తప్పుల్తో.

ఫోన్‌లో జోర్యానా పకపకా నవ్వింది. నేను సర్దిన పెట్టెమీదే కూలబడి నవ్వాను.