గానుగుల వీధి ఎడమ భుజం

ముందుగది నేల మీద గీస్తూ వచ్చిన ఎర్రగీత నా భార్య హైమవతి దగ్గర ఆగలేదు. ఆమె ఎడమ పాదం ఎక్కి, మోకాలి మీదుగా పైకి పాకి, మెడకీ భుజానికీ మధ్య నుంచి వీపు మీదికి దిగి, మడమ దాటి మళ్లీ నేల అందుకుంది. ఎక్కడా వంకర లేదు. మునిసిపాలిటీ వాళ్లు పని శుభ్రంగా చేశారు.

మా గానుగుల వీధిని వెడల్పు చేస్తున్నారు. గీతకి వీధివైపు ఉన్నదంతా రోడ్డు. ఇవతల ఉన్నది మాది. ఆ లెక్కన హైమ ఎడమ చెయ్యి, ఎడమ కాలు, ఒక చెవి రోడ్డులో ఉన్నాయి. మిగతా మనిషి ఇంట్లో ఉంది.

సర్వేయరు దౌర్జన్యం ఏమీ చేయలేదు. టేపు చివర కొంచెం పట్టుకోమని అడిగాడు. మా వీధిలో ఎవరొచ్చి ఏం పట్టుకోమన్నా పట్టుకుంటాం. హైమ అప్పటికే వాళ్లందరికీ మజ్జిగ ఇచ్చింది. గ్లాసులు పక్కన పెట్టి, టేపు అందుకుని, తన ఎడమ పక్క వీధివైపు ఉండేలా నిలబడింది. పెయింటరు వంగి గీసుకుంటూ వచ్చాడు. బ్రష్ కాలికి తగిలినా ఆమె కదల్లేదు.

"కదిలితే గీత పాడైపోతుంది కదండీ. పాపం, నడుం వంచి మళ్లీ గీసుకోవాలి అతను" అంటుంది.

అప్పటి నుంచి అక్కడే నిలబడి ఉంది. నేను ఆమె పక్కనే కూర్చుని మిక్సీలు బాగుచేస్తాను. ఈ ముందుగదే నా షాపు. మిక్సీ ఇవ్వడానికి వచ్చినవాళ్లు చెప్పులు ఆమె ఎడమ పాదం దగ్గర విడుస్తారు. అది బయట కదా.

నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కి వెళ్తాను. సర్వేయరు ఆఫీసు ముందు పడి ఉన్న సిమెంటు తూములో కాళ్లు ముడుచుకుని కూర్చుని అన్నం తింటున్నాడు. చాలా మర్యాదగా మాట్లాడతాడు.

"ఆవిణ్ణి లోపలికి జరుపుకుంటానండీ" అంటాను.

"జరుపుకోండి. లోపలున్నంత వరకే వస్తారు."

"మిగతాది?"

"ఇంట్లోకి తీసుకెళ్తే ఆక్రమణ కిందకొస్తుందండీ. మేం వచ్చి తీసెయ్యాల్సొస్తుంది. ఎందుకు చెప్పండి, ఆవిడకీ మనకీ ఇబ్బంది."

గీత జరగాలంటే కౌన్సిల్లో పాసు కావాలని చెప్పి, కూర ఎలా ఉందో చూడమని కొంచెం నా చేతిలో పెడతాడు. వంకాయ. బాగుంది.

నేను తిరిగి వచ్చేసరికి హైమ మోచేతి మీద కంకర పడి ఉంది. తుడుస్తాను. తుడిచిన చోట మళ్లీ కంకర ఉంటుంది. కొన్నాళ్లకి అరచేయి నల్లబడి, గట్టిపడి, ఎండకి మెత్తబడుతుంది. వేళ్లు ఎక్కడ ముగుస్తున్నాయో కనిపించడం లేదు. వీధి మలుపు దాకా వెళ్లాయని మిక్సీ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ చెబుతుంది. అక్కడ గోళ్లు చూసిందట.

మొదటి సిటీ బస్సు వచ్చిన రోజు వీధి అంతా బయటికొస్తుంది. బస్సు భుజం దగ్గర కొంచెం పైకి లేచి, చెయ్యి పొడవునా నెమ్మదిగా వెళ్తుంది. నేను హైమ మొహం చూస్తూ ఉంటాను.

"నొప్పిగా ఉందా?"

"బరువుగా ఉందండీ. జనం ఎక్కువున్నారు" అంటుంది.

ఎడమ చెవితో ఆమెకి ఊరంతా వినిపిస్తుంది. ఏ మలుపులో ఎవరు తిట్టుకుంటున్నారో, ఏ బడిలో గంట కొట్టారో చెబుతుంది. కుడి చెవితో నన్ను వింటుంది. ఆ చెవిలో పెద్దగా ఏమీ పడటం లేదని ఒకసారి అంటుంది. నేను రేడియో తెచ్చి అటుపక్క పెడతాను.

వీధిలో వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఏళ్ల తరబడి వాళ్లు అడుగుతున్నది ఈ రోడ్డే. వాన పడితే మా వీధిలో మురుగు ఇళ్లలోకి వచ్చేది. కాలువ వేయడానికి చోటు లేదని మునిసిపాలిటీ అనేది. ఎదురింట్లో పరుపులు కుట్టే బాషా తన తల్లి మంచాన్ని ఇటుకల మీద ఎత్తి పెట్టాడు. వానాకాలంలో ఆ ముసలావిడ మంచం మీద కూర్చుని, కింద తేలుతున్న చెప్పుల్ని కర్రతో పట్టుకుంటూ ఉండేది. ఇప్పుడు హైమ చంక కింది నుంచి కాలువ వెళ్తోంది. నీళ్లు నిలవడం లేదు. బాషా రోడ్డు దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుంటాడు.

"ఏమనుకోకండి వదినగారూ" అని దాటిన ప్రతిసారీ అంటాడు.

హైమకి ఒళ్లు వెచ్చబడటం మొదలవుతుంది. కుడి చెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది. అది మా ఇంట్లో ఉన్న చెయ్యి కాబట్టి దాన్ని నేను పట్టుకోవచ్చు. డాక్టరు వచ్చి చూసి, రోడ్డు ఎక్కువ వాడటం వల్ల వచ్చిన జ్వరమని, ఇలాగే వదిలేస్తే మనిషి మిగలదని చెబుతాడు. రెండు రకాల మాత్రలు రాస్తాడు. ఒకటి ఆమెకి. ఒకటి నీళ్లలో కరిగించి రోడ్డు మీద చల్లడానికి.

మా వార్డు కౌన్సిలర్ మంగతాయారు గారు. గెలిచిన రోజు నుంచి ఆవిడ గొంతు ఆవిడ భర్త తాతబ్బాయి గారి చొక్కా జేబులో ఉంటుంది. ఉసిరికాయంత ఉంటుంది. ఆయన జేబు మీద వేలితో తడితే అది నమస్కారం చెబుతుంది. నేను వెళ్లేసరికి ఆవిడ బీరకాయలు చెక్కు తీస్తోంది. నన్ను చూసి పలకరించడానికి నోరు తెరిచి, గొంతు లేదని గుర్తొచ్చి మూసుకుంటుంది. పీట చూపిస్తుంది.

తాతబ్బాయి గారు అంతా వింటాడు. వీధి వెడల్పు తగ్గడానికి వీల్లేదని, గీత మా వైపు వెనక్కి తగ్గితే అవతలి వైపు అంత ముందుకెళ్లాలని చెబుతాడు. అవతల ఎవరున్నారని అడుగుతాడు.

"పరుపుల బాషా."

"ఇంకా?"

"వాళ్లమ్మ."

"మరి జరిపెయ్యమంటావా గవర్రాజూ?"

నేను బీరకాయ చెక్కు వైపు చూస్తూ ఉంటాను. ఆయన నా మౌనాన్ని తీసుకుని, జాగ్రత్తగా పొట్లం కట్టి, గొంతు లేని రెండో జేబులో పెట్టుకుంటాడు. మంగతాయారు గారు కత్తిపీట మడిచి లోపలికి వెళ్లిపోతుంది.

కౌన్సిల్ సమావేశం రోజు హాలు బాగా సాగి ఉంది. ద్వారం నుంచి చైర్మన్ కుర్చీ దాకా షేర్ ఆటోలు తిరుగుతున్నాయి. జనం కూర్చునే గ్యాలరీ ద్వారం పక్కనే. అక్కడి నుంచి చూస్తే చైర్మన్ గారు మినపగింజంత కనిపిస్తాడు. మాట మాత్రం చెవి పక్కనే అన్నట్టు వినిపిస్తుంది.

మా కౌన్సిల్లో అంశాలు చదవరు. క్లర్కు నంబరు చెప్పగానే సభ్యులు బల్లలు చరుస్తారు. చప్పుడైతే ఆమోదం అయినట్టు. అలా చేస్తే భోజనాల వేళకి అయిపోతుంది. తాతబ్బాయి గారు భార్య కుర్చీ వెనక కూర్చుని, ఆవిడ చంకల కింది నుంచి చేతులు చాపి ఆవిడ బల్ల చరుస్తాడు.

గానుగుల వీధి అంశం రాగానే ఆయన బల్ల గట్టిగా చరుస్తూ బాగా ముందుకి వంగుతాడు. జేబులోంచి గొంతు కింద పడుతుంది. బల్లల కింది నుంచి, కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ వచ్చి గ్యాలరీ కటకటాల దగ్గర ఆగుతుంది. తీసుకుంటే వెచ్చగా ఉంది. నేను దాన్ని షేర్ ఆటో డ్రైవరుకి ఇచ్చి, మా పదహారో వార్డు మేడమ్ గారికి ఇవ్వమని చెబుతాను.

మంగతాయారు గారు దాన్ని కొంగుతో తుడుచుకుని నోట్లో వేసుకుంటుంది.

"ఇప్పుడు మనం దేనికి బల్ల చరిచాం?" అని అడుగుతుంది.

ఇంతకు ముందు అలా ఎవరూ అడిగినట్టు లేదని ఒక పెద్దాయన పక్కవాడితో అంటాడు. చైర్మన్ గారు చదవమని సైగ చేస్తాడు. క్లర్కు చదువుతాడు. అవతలి వైపు పరిశీలించారట. బాషా తల్లి వృద్ధురాలు, భారీ వాహనాల్ని మోయలేదట. హైమవతి దృఢంగా, సమతలంగా ఉందట. కాబట్టి గీత ఉన్నచోటే ఉంటుంది, ఆ వీధిలోకి ఇకమీదట లారీల్ని కూడా అనుమతిస్తారు.

"దాన్ని వెనక్కి తీసుకోండి" అంటుంది మంగతాయారు గారు.

"చప్పుడైపోయిందమ్మా" అంటాడు చైర్మన్ గారు.

"ఎటు పోయింది ఆ చప్పుడు?"

"ఊళ్లోకి."

నేను కిటికీ లోంచి చూస్తాను. నిజమే. చప్పుడు అప్పుడే పెద్ద బజారు దాటుతోంది. దాని వెనక లారీలు వరసగా కదులుతున్నాయి.

"ఆ మనిషి ఏమైపోతుందండీ?" అంటుంది ఆవిడ.

చైర్మన్ గారు కళ్లజోడు తీసి ఆలోచిస్తాడు. మనసున్న మనిషి. ఆమె కోసం ప్రత్యేకంగా ఒక స్పీడ్ బ్రేకర్ మంజూరు చేస్తున్నట్టు ప్రకటిస్తాడు. అందరూ బల్లలు చరుస్తారు. మంగతాయారు గారు చేతులు వెనక్కి లాక్కుంటుంది. ఆమె బల్ల మీద కూడా చప్పుడవుతుంది. తాతబ్బాయి గారి చేతులు అక్కడే ఉన్నాయి కదా.

స్పీడ్ బ్రేకర్ ఆమె భుజం మీద కట్టారు. పసుపు చారలు వేశారు. ప్రతి లారీ అక్కడిదాకా వేగంగా వచ్చి, బ్రేకు వేసి, ముందు చక్రాలు ఎత్తి దించి, వెనక చక్రాలు ఎత్తి దించుతుంది. దించిన ప్రతిసారీ హైమ కుడి కన్ను మూసుకుంటుంది. షాపులో మిక్సీ జార్లు గణగణమంటాయి.

సాయంత్రం బాషా వచ్చి గీతకి అవతల నిలబడతాడు.

"మా అమ్మని కొలిచారన్నయ్యగారూ. పనికిరాదన్నారు. మీరే అడిగారంట కదా."

నేను స్క్రూడ్రైవరు చేతిలో తిప్పుతూ ఉంటాను.

"ఒక్కమాట నాతో చెప్తే బాగుండేది" అంటాడు. "నేనే వచ్చి పడుకునేవాణ్ణి. పరుపేసుకుని."

తర్వాత కుండతో నీళ్లు తెచ్చి, రోడ్డు మీద హైమ మోచెయ్యి ఉన్నంత మేర చల్లుతాడు. నీళ్లు పడిన చోట చుయ్యిమంటుంది. ఆమె అతన్ని గుర్తుపట్టడం లేదు. నన్ను కూడా మీరెవరి తాలూకండీ అని అడుగుతుంది. నేను అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాను.

వీధి విశాలంగా ఉంది కాబట్టి అంబులెన్స్ నేరుగా గుమ్మం దాకా వస్తుంది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ దించుతారు. సగం మాదని, సగం మునిసిపాలిటీదని, ఆ సగాన్ని మేం ముట్టుకోకూడదని నేను ముందే చెబుతాను.

"మేమూ గవర్నమెంటే కదండీ. మాకు పర్లేదు" అంటాడు పెద్దవాడు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతారు.

హైమ లేస్తుంది. ఆమెతో పాటు రోడ్డు లేస్తుంది. నేలకి అంటించిన గోనెపట్టా ఊడినట్టు, తారు ఒక అంచు నుంచి వరసగా ఊడి వస్తుంది. కాలువ, కరెంటు స్తంభాలు, అటూ ఇటూ ఇళ్లు దాని వెంటే వస్తాయి. వాళ్లిద్దరూ అలవాటైన పని లాగా కాళ్లవైపు నుంచి నెట్టుకుంటూ అంతా వెనక తలుపులోంచి లోపలికి ఎక్కిస్తారు. సిటీ బస్సు ఎక్కుతుంది. ఆగి ఉన్న లారీలు ఎక్కుతాయి. బాషా ఇల్లు ఎక్కేటప్పుడు అతను తల్లి మంచం జారకుండా పట్టుకుని పక్కన నడుస్తాడు. చివర్లో వీధి మలుపు నుంచి ఆమె వేళ్లు వచ్చి చేరతాయి. నేనూ ఎక్కుతాను. తలుపు వేస్తారు.

డ్రైవరు కొంతసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుంటాడు. తర్వాత చిన్న అద్దం పక్కకి జరిపి నన్ను అడుగుతాడు.

"ఎటు పోనిమ్మంటారండీ? ముందు రోడ్డు లేదు."

రోడ్డు వెనక ఉంది. మేమంతా దాని మీదే ఉన్నాం. అదే చెబుతాను. అతను ఇంజను ఆపేస్తాడు.

అంబులెన్స్ లోపల మా వీధి బయట ఉన్నప్పటికంటే పొడుగ్గా ఉంది. రెండువైపులా ఇళ్లు. దండేల మీద బట్టలు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగుతున్నాయి. అది ఆమె ఊపిరి. వీధి చివర, ఇళ్లన్నిటికంటే ఎత్తుగా, ఆమె నుదురు ఎర్రగా కాగుతూ కనిపిస్తోంది.

నేను గుడ్డ తడిపి పట్టుకుని అటు బయల్దేరతాను. నాలుగిళ్లు దాటేసరికి గుడ్డ ఆరిపోతుంది. పక్కింటివాళ్లు తలుపు తీసి బిందెతో నీళ్లు తెచ్చి నా వెనక నడుస్తారు. తర్వాతి ఇంటివాళ్లు. ఆ తర్వాతి వాళ్లు. బస్సులోంచి జనం దిగుతారు. బాషా తల్లి మంచం దిగి, బాషా చేతిలోంచి చెంబు లాక్కుని, అందరికంటే ముందుకెళ్తుంది. అడుగు గట్టిగా పడకుండా మునివేళ్ల మీద నడుస్తున్నాం.

మేం నడిచే కొద్దీ ఆ నుదురు ఇంకా పైకి లేస్తోంది. మా నీడలు వెనక పొడుగ్గా పడుతున్నాయి. నెత్తిమీద బిందెల్లో నీళ్లు మరగడం మొదలవుతుంది. ఎవరూ దించరు.