బలం ఐదు, తెలివి ఆరు

ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో భావనారాయణకు అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. ఏదో కొత్త ఆటకు సంబంధించింది. ఆ ఆటకు పలకా లేదు, కాయలూ లేవు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై అడవులూ గుహలూ తిరుగుతారు. ఎవరి మనిషికి బలమెంత, తెలివెంత, ఓర్పెంత, ఇలా ఒక్కో గుణానికీ మూడేసి పాచికలు వేసి తేల్చుకోవాలి. ఎక్కువ పడితే మొనగాడు. తక్కువ పడినవాడు ఏం చెయ్యాలో చెప్పే పేజీలు మాత్రం ఎవరో పుణ్యాత్ముడు చింపుకుపోయాడు.

డెబ్బై ఎనిమిది వానాకాలం అది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో భావనారాయణ, అతని భార్య జానకి మేడ మీది వాటాలో కిరాయికుండేవారు. ఇంటివాళ్ళమ్మాయి విమల బడిలో టీచరు. పిల్లలకు కథలు చెప్పి చెప్పి నోరు తిరిగిన మనిషి కనుక కథ నడిపే పని ఆమెకే అంటగట్టారు. ఆడడానికి మూడో మనిషి కావాలంటే విమల తన తమ్ముణ్ణి పిలిచింది.

తమ్ముడు విద్యాసాగర్‌కు ఇరవై రెండేళ్ళు. పెట్టిన పేరు చూసి సరస్వతికి నవ్వొచ్చిందో ఏమో, బీకాం మూడుసార్లు తప్పాడు. తండ్రి ఊరుకోలేక, ఆబిడ్స్‌లో తన స్నేహితుడి బట్టల దుకాణంలో చేర్పించాడు. ఆ పెద్దమనిషి కుర్రాణ్ణి గల్లా దగ్గరికి గానీ, బేరాల దగ్గరికి గానీ రానివ్వడు. పరిచిన చీరలు మడతపెట్టడమే పని. నెల తిరిగేసరికి జీతం మాత్రం అందరితో సమానంగా చేతిలో పెడతాడు. అది ఎవరి మొహం చూసి ఇస్తున్నాడో విద్యాసాగర్‌కు తెలుసు. తెలిసీ రోజూ తలొంచుకుని వెళ్ళి వస్తున్నాడు.

మొదటి ఆదివారం అందరూ పాచికలు వేశారు. భావనారాయణకు భీముడంతటివాడు పడ్డాడు, జానకికి గురిచూసి బాణం వేసేది పడింది. విద్యాసాగర్‌కు బలం ఐదు, తెలివి ఆరు, మిగతావి ఏడూ ఎనిమిదీ. పద్దెనిమిదికి ఐదు! బడిలో అయితే విమల ఎర్రసిరాతో సున్నా చుట్టే మార్కులు.

"ఇది లెక్కలోకి రాదయ్యా, మళ్ళీ వెయ్యి" అన్నాడు భావనారాయణ. ఆటలో ఆమాత్రం సర్దుబాటు లేకపోతే ఎలాగని జానకీ అంది. విమల అయితే పాచికలు ఏరి తమ్ముడి చేతికి అందించేసింది కూడా.

విద్యాసాగర్ వాటిని పక్కన పెట్టాడు. "పడ్డది పడ్డట్టే ఉండనియ్యండి. నేను గీనితోనే ఆడుత" అన్నాడు.

ఆ మనిషికి మల్లిగాడని పేరు పెట్టి, చేతికి లాంతరిచ్చాడు. ఇక చూడాలి ఆ మల్లిగాడి సంగతి! కత్తి ఎత్తలేడు కనుక కత్తి జోలికే పోడు. కంటికి కనపడని భూతం తిరుగుతోందంటే నేలంతా పిండి చల్లి అడుగులు పట్టించాడు. రాక్షసులు తరుముకొస్తే మూటలోని మిరప్పొడి గాలికి వదిలాడు. భీముడు దెబ్బలు తిని పడిపోయినప్పుడు, ఈడ్చే బలం లేక, గొంగడి మీదికి దొర్లించి జానకి చేత లాగించాడు. తెలివి ఆరున్నవాడికి ఇన్ని ఉపాయాలేమిటని భావనారాయణ గొణిగితే, ఇది తెలివి కాదు సార్, భయం అని నవ్వేవాడు. సోమవారం దుకాణానికి వెళ్ళేటప్పుడు కూడా ఆ నవ్వు మిగిలి ఉండేది. అది చూసి విమలకు కడుపు నిండేది.

అదే ఆమె కొంప ముంచింది. శత్రువుల పాచికలు కథ నడిపేవాళ్ళే వెయ్యాలి. అవి ఎవరికీ కనపడకుండా విమల హాజరు రిజిస్టరు నిలబెట్టి దాని చాటున వేసి, పడ్డదెంతో పైకి చెప్పేది. పన్నెండు దాటిందా, మల్లిగాడి పని సరి. నాలుగో ఆదివారం పద్నాలుగు పడింది. తమ్ముడి మొహం చూసింది. ఎనిమిది అని చెప్పింది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది. ఏమవుతుంది, రెండోసారి తేలికవుతుంది. తర్వాత ఎన్నిసార్లు తగ్గించి చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

తొమ్మిదో ఆదివారం జోరున వాన. మల్లిగాడు ఒంటరిగా గుహ వాకిట్లో నిలబడి పులిని తనవైపు పిలుచుకుంటున్నాడు, వెనక ఇద్దరూ తప్పించుకోవాలని. విమల పాచికలు వేసింది. వానజల్లు లోపలికి కొడుతోందని అప్పుడే కిటికీ మూయడానికి లేచిన జానకి ఆమె వెనకనుంచి తొంగి చూసింది.

"తొమ్మిది" అంది విమల.

"అదేంటండీ, పదిహేడు పడితే తొమ్మిదంటారేం?" అంది జానకి. పాపం, పొరపాటు పడిందనే అనుకుంది. విమల మొహం చూశాక గానీ తానేం చేసిందో తెలియలేదు.

భావనారాయణ సర్దబోయాడు. విద్యాసాగర్ అక్కవైపే చూస్తున్నాడు. "ఎన్నిసార్లు?" అన్నాడు.

"గీ ఒక్కసారే" అంది విమల.

అతను మళ్ళీ అదే మాట అడిగాడు. ఈసారి ఆమె తల దించుకుని, నాలుగో వారం సంది అని ఒప్పుకుంది.

"చిన్నప్పుడు గల్లీల అంటుడాట ఆడేటప్పుడు నన్ను ఆటల అరటిపండు చేసినవ్, యాదికుందా? చిన్నోడు, వీణ్ణి ముట్టొద్దు అని అందరికి చెప్పినవ్. నాకు చెప్పలే. నేనెంత జోరుగ ఉరుకుతున్ననో, నన్నెవ్వరు పట్టలేకపోతున్రనుకున్న. రెండేండ్లు గట్లనే అనుకున్న అక్కా."

విమలకు గుర్తుంది. చెప్పులు లేని కాళ్ళతో గల్లీ చివరిదాకా ఉరికి, వెనక్కి తిరిగి చూసి, చప్పట్లు కొట్టుకునేవాడు. తమ్ముడు ఏడవకూడదనే చేసింది. ఇప్పుడూ అందుకే చేసింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

"పదిహేడే గదా, రాయి" అన్నాడతను. ఆమె చెయ్యి కదల్లేదు. అతనే పెన్సిలు తీసుకుని కాగితం మీది మల్లిగాడి పేరు అడ్డంగా కొట్టేశాడు.

పోయినవాడు పోయాడు, కొత్తవాణ్ణి పుట్టించు, ఈసారి అంతా బాహాటంగానే వేద్దామని భావనారాయణ బతిమాలాడు. రిజిస్టరు తీసి కింద పెట్టాడు. జానకి పాచికలు ఏరి బల్ల మధ్యన ఉంచింది. విద్యాసాగర్ చివరికి వాళ్ళ మాట తీసెయ్యలేక వేశాడు.

ఆరు, ఆరు, ఆరు. బలం పద్దెనిమిది. తొమ్మిది వారాల్లో ఎవరికీ పడనిది.

భావనారాయణ తొడ చరిచాడు. జానకి దేవుడున్నాడంది. విమల గుండె ఒక్క క్షణం తేలికైంది.

విద్యాసాగర్ నవ్వలేదు. పాచికలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, ఆరు వైపులా తిప్పి చూశాడు. అరచేతిలో ఎగరేసి బరువు చూశాడు. మూడూ చూశాక అక్క ముందు పెట్టాడు.

"వీటికి ఏం చేసినవ్ అక్కా?" అన్నాడు, ఏ కోపమూ లేకుండా.

"ఏం చెయ్యలే. అమ్మతోడు" అంది విమల.

విద్యాసాగర్ సరేనన్నట్టు తలూపాడు. గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.